కడుపుతో చెప్పిన బుర్రకథ

బుర్రకథ చెప్పేవాళ్లకు గొంతు ముఖ్యమని అందరూ అనుకుంటారు. ఉత్త మాట. మోకాళ్లు ముఖ్యం. గొంతు పోతే మిరియాల కషాయం ఉంది, శొంఠి ఉంది, పక్కవాళ్లు అందుకుని నాలుగు వరుసలు లాక్కొస్తారు. మోకాలు పట్టేస్తే నీ బదులు ఎవరు ఎగురుతారు? భుజం మీద తంబుర, వేళ్లకు తాళం కొట్టే అందెలు, కాళ్లకు గజ్జెలు. ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, చరణం చివర ఒక్క ఎగురు. కథ ఎంతసేపుంటే అంతసేపూ ఇదే. చూసేవాళ్లకు అది ఆట. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించిన మా అమ్మ కూడా ఒకసారి నా కథ చూసి ఇంటికొచ్చి నా పిక్కలకు ఆముదం రాసింది.

మాది కాశిబుగ్గ. పుట్టిల్లూ మగ్గాలే, అత్తిల్లూ మగ్గాలే. మా మామకు మాత్రం మగ్గం కంటే కథ మీదే ప్రాణం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తుంటే విని, "ఈ పిల్లది గొంతు గాదురా, గంట" అన్నాడట కొడుకుతో. అంతే, నా పని అయిపోయింది. నూలు కండెలు చుట్టే చేతికి తంబుర వచ్చింది. మామ పోయాక నడుమ నిలబడి కథ చెప్పే చోటు నాదయ్యింది. నా కుడిపక్క మా వదినె, అంటే మా ఆయన అక్క. ఎడమపక్క మా ఆయన. వాళ్లిద్దరి చేతుల్లో దరువు వేసే గుమ్మెటలు.

పక్కన నిలబడేవాళ్లను వంతలంటారు. వాళ్లు ఉత్తగా దరువు వేయడానికే ఉన్నారనుకుంటారు తెలియనివాళ్లు. అసలు కథ నడిచేదే వంతల ప్రశ్నల మీద. నేను కొంత చెప్పి ఆగుతాను. వింటున్నవాళ్ల మనసులో ఏ అనుమానం పుడుతుందో అది వంత అడగాలి. అడిగాకనే నేను జవాబు చెప్పి ముందుకు పోవాలి. అడగకుండా నా అంతట నేను చెప్పుకుంటూ పోతే అది కథ కాదు, మీటింగులో ఉపన్యాసం. మా వదినె అడిగేవి పెద్దమనిషి ప్రశ్నలు, లోకం తీరు గురించి. మా ఆయనది నవ్వించే వంతు. ఇంట్లో పది మాటలకు ఒక మాట పలకని మనిషి, గజ్జె కట్టగానే ఆ నోరు ఎక్కణ్నుంచి వచ్చేదో! ఇంట్లో నన్ను "ఏమే" అని పిలిచేవాడు, అక్కడ చేతులు కట్టుకుని "ఓ పంతులమ్మా" అనేవాడు. మేము మొగుడూ పెళ్లాలమని తెలిసిన ఊళ్లలో ఆ పిలుపుకే ఈలలు పడేవి.

"ఇంటికాడ గూడ గిట్లనే పిలుస్తవా బావా?" అని జనంలోంచి ఎవడో అరిచేవాడు.

"ఇంటికాడ నాకు నోరు లేవది తమ్మీ, గందుకే గీడికొచ్చిన" అనేవాడు మా ఆయన. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. నేను కోపం నటించేదాన్ని. సగం నటన, సగం నిజం.

డెబ్బైల చివరికి వచ్చేసరికి మగ్గాల పని మందగించింది. మా గల్లీలోనే ఒక్కొక్క ఇంట్లో మగ్గం విప్పి మూలకు పెట్టేస్తున్నారు. ఆ సమయంలో మాకు సర్కారు ప్రోగ్రాంలు దొరికాయి. కుటుంబ నియంత్రణ మీద ఊరూరా బుర్రకథ చెప్పాలి. ఆఫీసు సారు ఒకాయన జీపు వేసుకుని మా ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, మా కథ ఒక్క గడియ విని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. కోస్తా వైపు మనిషి. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచివాడు. ఎండలో వెళ్తుంటే జీపు ఆపించి మాకు మజ్జిగ ఇప్పించేవాడు. భార్యాపిల్లలు, మంచాన పడ్డ తల్లి వాళ్ల ఊళ్లో ఉన్నారట. తను ఇక్కడ ఒంటరిగా గదిలో వండుకు తినేవాడు. అటు బదిలీ కావాలని ఆయనకు ఎప్పుడూ ఒకటే యావ.

చెప్పాల్సిన కథ ఆయనే అచ్చు కాగితాల మీద తెచ్చిచ్చాడు. రాసినాయన ఎవరో గానీ, ఒళ్లంతా బురద పూసుకుని నాట్లేసి వచ్చిన ఆడదాని నోట కూడా అచ్చమైన పంతుళ్ల భాష పెట్టాడు. అది చెబితే మా ఊళ్లలో కుక్కలు కూడా ఆగి వినవు. మేము మూడు రోజులు కూర్చుని దాన్ని మా భాషలోకి దింపుకున్నాం. కథ మామూలే. ఒక ఊళ్లో ఒక తల్లి, ఇంటినిండా పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు. ఆఖరి కాన్పులో ఆమె మంచం పడుతుంది. అక్కడ నేను గొంతు దించి పాడితే ముసలివాళ్లు ముక్కు చీదేవాళ్లు. ఆ వెంటనే మా ఆయన ఏదో పిచ్చి ప్రశ్న వేసి నవ్వించేవాడు. ఆ ఏడుపూ నవ్వూ ఆరకముందే మాతో జీపులో వచ్చే నర్సమ్మ లేచి ఆపరేషన్ సంగతి చెప్పేది.

పొద్దున్నే జీపు వచ్చేది. మా ఇద్దరు ఆడపిల్లలను అత్త దగ్గర వదిలి బయల్దేరేవాళ్లం. ఏ బడి గదిలోనో దిగి, గోడకు చెమ్కీ చీర అడ్డం కట్టుకుని ముస్తాబయ్యేవాళ్లం. ఎండ జర తగ్గాక మొదలుపెట్టి పొద్దు గూకేలోపు ముగించాలి. ఆడవాళ్లు వంటకు పోవాలి గదా. ఊళ్లలో మాకు మరుగు చోటు ఉండేది కాదు. అందుకని నేనూ మా వదినె పొద్దున్నుంచీ మంచినీళ్లు గుటక కూడా మింగేవాళ్లం కాదు. గొంతు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కునేది. అయినా పాడాలి. నెలసరి నొప్పి ఉన్నా ఎగరాలి. మైకు పాడైతే ఊరి చివరి దాకా వినబడేట్టు అరవాలి. ఇది ఎవరికి చెప్పుకుంటాం? ఆడినందుకు చప్పట్లు కొట్టారు గదా, ఇంకేం కావాలి అంటారు.

కథ చివర ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "మరి నీకెందరు పిల్లలే?" అని. నేను రెండు వేళ్లు ఎత్తి చూపేదాన్ని. సారు ముందుకొచ్చి మైకులో చెప్పేవాడు: "చూశారా, చెప్పడమే కాదు, ఆచరించి చూపించింది." జనం చప్పట్లు. నా గొంతు కన్నా, నా ఎగురు కన్నా సారుకు ఆ రెండు వేళ్లంటేనే ఇష్టం. మాకు ప్రోగ్రాంలు ఇచ్చేదీ వాటిని చూసే. వేరే బుర్రకథ వాళ్లను పెట్టుకుంటే వాళ్లకు నలుగురైదుగురు పిల్లలున్నారని ఊళ్లో నవ్విపోయారని ఆయనే మాకు చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతి. జిల్లా అంతటికీ ఆపరేషన్ చేయించుకోండని చెప్పిన మేము, మా ఇద్దరిలో ఎవరమూ చేయించుకోలేదు. వద్దనుకుని కాదు. తీరికే దొరకలేదు! నేను చేయించుకుంటే కొన్నాళ్లు ఎగరొద్దు. మా ఆయనను చేయించుకొమ్మంటే, "గుమ్మెట బరువు మొయ్యాలె గదనే, జర ఈ ప్రోగ్రాంలు అయిపోనియ్యి" అనేవాడు. ప్రోగ్రాంలు అయిపోతే గదా. ఎండాకాలం అన్నాం, వానలు పడ్డాక అన్నాం, దసరా వెళ్లాక అన్నాం. అంతలో నాకు నెల తప్పింది.

తెలిసిన రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మా ఆయన పళ్లెం ముందు అన్నం గిన్నె విసిరేసినట్టు పెట్టి, "తిను, మంచిగ తిను, ఇగ నువ్వే ఎగురు" అన్నాను. ఆయన పాపం తల ఎత్తకుండా తిన్నాడు. దవాఖానకు పోయాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఉంచుకుంటవా?" అని అడిగింది. ఎన్నో అనుకుని పోయాను. కానీ నోట్లోంచి "ఉంచుకుంట" అనే వచ్చింది. ఎందుకని ఆమె అడగలేదు. కావాలనిపించింది, అంతే. "అయితే ఎగురుడు బంద్ చెయ్యి" అన్నది ఆమె. నాకు నవ్వొచ్చింది. ఎగురుడు బంద్ అంటే పొయ్యి బంద్ అని ఆమెకు ఎవరు చెప్పాలి?

సారుకు తెలిస్తే మా పని ఖతం. అందుకని దాచాను. మా వదినె నడికట్టు బిగించి కట్టేది, నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నెలలు పెరుగుతున్న కొద్దీ నడికట్టు కింద నిలవకుండా పైకి పాకింది. మా ఆయన ఒక ఉపాయం చేశాడు. చరణం చివర నేను ఎగరాల్సిన చోట గుమ్మెట మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టి తనే ఎగిరి వెల్లకిలా పడేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్లు. నా వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు. పడీ పడీ ఆయన మోచేతులు ఒరుసుకుపోయాయి. కానీ అన్నిచోట్లా పడలేడు గదా. మిగిలిన చోట్ల నేను ఎగిరేదాన్ని, ఎగిరిన ప్రతిసారీ లోపలున్నదానికి దండం పెట్టుకునేదాన్ని.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊళ్లో బయటపడింది. బడి ముందు కథ చెబుతున్నాం. ముందు వరుసలో ఒక ముసలమ్మ, నోట్లో చుట్ట, కాళ్లు చాపుకుని కూర్చుని చూస్తున్నది. కథ సగంలో ఉండగా ఎగిరి దిగాను. ముసలమ్మ చుట్ట తీసి గట్టిగా అన్నది:

"ఓ బిడ్డా! నడికట్టు ఎవలన్న నడుముకు గట్టుకుంటరు. నువ్వేందే రొమ్ముల కింద గట్టినవ్?"

నేను చరణం మర్చిపోయాను. ఆమె ఊరుకోలేదు. "కడుపుతోని ఉన్నవ్ గదనే! కడుపుతోని గా ఎగురుడేందే, పానం మీదికి తెచ్చుకుంటానవా?"

గుమ్మెటలు రెండూ ఆగిపోయాయి. ఏ ఊళ్లో ఎవడు ఏం అన్నా ఠక్కున తిప్పి కొట్టే మా ఆయన నోరు మూతపడిపోయింది. పక్కన కుర్చీలో సారు. ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఇంకేం దాస్తాను, ఎవరికి దాస్తాను?

"అవునవ్వా, ఉన్నది. మూడోది" అన్నాను మైకులోనే.

"మరి ఇంటికాడ కూసోక గీడికెందుకొచ్చినవ్?"

"ఎగురకుంటె మాకు పనెవలు ఇస్తరవ్వా? ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నరు. నెల తప్పినకాడికెల్లి నిద్ర లేదు. కాళ్లు వాస్తానయి. పొద్దుందాక నీళ్లు తాగ, ఒంటికి పోవాల్సొస్తదని. గిది గూడ కథ అనుకొని వినుండ్రి" అన్నాను. అప్పటికి నా కళ్లు కారుతున్నాయి. ఆపలేదు.

ముసలమ్మ లేచి వెళ్లి బడిలోంచి స్టూలు ఒకటి ఈడ్చుకొచ్చింది. "కూసో. కూసొని చెప్పు. కూసుంటె మేమేమన్న వినమా?" అన్నది. మిగతా కథ స్టూలు మీద కూర్చుని చెప్పాను. ఎంత సుఖంగా ఉందో! కథ అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ మూగి, ఒకరు చెంబుతో నీళ్లు, ఒకరు బెల్లం ముక్క ఇచ్చి, ఒకరు తమ ఇంటి వెనక మరుగు చూపించి, నన్ను వాళ్ల పిల్లలా చూసుకున్నారు. ఆ రోజు నర్సమ్మ చుట్టూ ఎప్పుడూ లేనంత మంది చేరారు.

జీపు దగ్గర సారు నిలబడి ఉన్నాడు. ఇక అయిపోయింది, తంబుర మూట కట్టుకోవడమే అనుకుంటూ వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎంత బాగా వచ్చిందమ్మా! ఇన్నాళ్లుగా చెబుతున్నాం గానీ, జనం ఇంతగా కదిలిపోవడం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. తర్వాత, "రేపటి నుంచి ప్రతి ఊళ్లో ఇలాగే చెప్పండి. దాచొద్దు. స్టూలు నేను ఏర్పాటు చేస్తాను, మీరు ఎగరనక్కర్లేదు" అన్నాడు.

నాకు ఆ క్షణాన ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. పని పోలేదు, పైగా కూర్చుని చెప్పొచ్చు! ఇంటికి వచ్చే దారంతా మా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు సారు ఆ ముక్కను తీరుగా తయారు చేసుకొచ్చాడు. కథ చివర మా ఆయన అడగాలి: "పంతులమ్మా, ఊరందరికి ఇద్దరే అంటవు, మరి గీ మూడోదేంది?" నేను కడుపు మీద చెయ్యి వేసుకుని తల దించి చెప్పాలి: "ఇది నేను చేసిన తప్పు. నా లెక్క మీరు చెయ్యకుండ్రి." తప్పు అన్న మాట ముసలమ్మ ముందు నేను అనలేదు. అది సారు కలిపింది. ఆ ఒక్క మాటతో సంగతి గట్టిగా నాటుకుంటుందని ఆయన చెప్పాడు. నాకూ నిజమేననిపించింది.

మా వదినెకు మాత్రం ఒళ్లు మండింది. తమ్ముణ్ని పట్టుకుని దులిపేసింది. "ఇంక కండ్లు దెరువని పిల్లను నలుగుట్ల నిలబెట్టి తప్పు అనుడేందిరా? నీకు జర గూడ అనిపిస్తలేదా?"

నేనే అందుకున్నాను. "మరి నువ్వు పెడతవా వదినె మాకు బువ్వ? పొద్దున లేస్తె నలుగురి కడుపు నిండాలె. ఉత్త మాటే గదా, మాటకేం పోతది?" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని పోయింది.

ఊళ్లు తిరిగాం. ఆ చోటు వచ్చేసరికి జనం ముందుకు వంగి వినేవాళ్లు. మా ఆయన అడిగేవాడు, నేను తల దించి చెప్పేదాన్ని. ఆడవాళ్లు అయ్యో అయ్యో అనేవాళ్లు. కథ అయ్యాక దగ్గరికొచ్చి, నా కడుపు వైపు చూసి, చెడిపోయిన పంటను చూసినట్టు తల ఊపేవాళ్లు. మొదట్లో నాకేమీ అనిపించలేదు. నటనే గదా.

ఐదో నెల దాటాక బిడ్డ కదలడం మొదలుపెట్టింది. అది కూడా ఎప్పుడు? గుమ్మెట మోగినప్పుడు. మా ఆయన నా ఎడమ పక్కనే నిలబడతాడు గదా, దరువు పడగానే లోపల తన్నేది. ఒకరోజు జీపులో ఆయన చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుని, "నీ దరువుకే తంతాంది సూడు" అన్నాను. అలాంటి సంబురం ఆ మొహంలో నేను పెళ్లినాడు కూడా చూడలేదు. ఆ తర్వాత నుంచి నా పక్కన గుమ్మెట మెల్లగా, వేళ్లతోనే వాయించేవాడు. కానీ ఆ ప్రశ్న అడిగే చోట మాత్రం గట్టిగా కొట్టాలి, సారు చెప్పాడు. దరువు పడేది, లోపల తన్నేది, నేను "ఇది నేను చేసిన తప్పు" అనేదాన్ని. అప్పటి నుంచి ఆ మాటను, లోపలిది వింటుందేమోనని, గబగబా అనేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మా వదినెతో అంత గొడవ పడ్డాక ఏ మొహం పెట్టుకుని చెబుతాను?

ఒక ఆదివారం ప్రోగ్రాం లేదు. మా ఆయన వాకిట్లో కూర్చుని గుమ్మెట చర్మం బిగిస్తున్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. మా ఇద్దరు ఆడపిల్లలు అరుగు మీద బుర్రకథ ఆడుతున్నారు. అంతకు ముందువారం మేము వాళ్లను ఒక ఊరికి వెంట తీసుకుపోయాం, అక్కడ చూశారు. పెద్దది పొట్ట మీద చిన్న దిండు పెట్టుకుని మా అత్త తువాలు చుట్టుకుంది. చిన్నదాని చేతిలో నూనె డబ్బా. డబ్బా కొట్టి, వచ్చీ రాని మాటలతో "పంతులమ్మా, గీ మూలోదేంది?" అన్నది. పెద్దది అచ్చం నాలాగే తల దించి, దిండు మీద చెయ్యేసి, "ఇది నేను జేసిన తప్పు" అన్నది. అని, దిండు మీద చరిచింది. "తప్పు, తప్పు" అని ఇద్దరూ దాన్ని చరుస్తూ నవ్వారు.

నేనూ నవ్వాను, ముద్దుగానే ఉంది. పెద్దది ఆట ఆపి నా దగ్గరికొచ్చి మోకాలు పట్టుకుని అడిగింది:

"అమ్మా, గా తప్పు ఎప్పుడు పుడతది?"

నా చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది. అది ఎగతాళికి అడగలేదు. చెల్లెలో తమ్ముడో వస్తే ఆడుకోవాలని అడిగింది. దానికి ఆ పేరే తెలుసు. ఏడుపు ముంచుకొచ్చింది నాకు. బియ్యంలో రాళ్లున్నాయని చాట దగ్గరగా పెట్టుకుని ఏరుతూ కూర్చున్నాను. మా ఆయనా విన్నాడు. చర్మం బిగించే తాడు చేతికి చుట్టుకుని లేచి బయటికి పోయాడు. అన్నం వేళకు వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ విషయం మేము అప్పుడూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదు.

ఆ వారంలోనే పాలంపేటలో పెద్ద ప్రోగ్రాం. హైదరాబాదు నుంచి సారు పైఅధికారి వస్తున్నాడు. వరి కోతలు అయిపోయి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఖాళీగా ఉన్నారు, బండ్లు కట్టుకుని వచ్చారు. సారు ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు. జీపులో నాతో మెల్లగా అన్నాడు, "అమ్మా, ఇవాళ మీరు బాగా చెబితే నా బదిలీ సంగతి ఆయన చూస్తానన్నారు. మా అమ్మ రోజులు లెక్కపెడుతోంది." నాకు జాలేసింది. చెబుతాను సార్, మీకేం ఫికర్ వద్దన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. ఎదురుగా మా ఆయన కూర్చుని బయటికి చూస్తున్నాడు.

ఇప్పటిదాకా చెప్పి ఇది దాచడం ఎందుకు? ఆ రోజు తర్వాత జీపు మా గల్లీకి రాలేదు. వేరే వాళ్లను పెట్టుకున్నారు. మా ఆయన పవర్లూముల కార్ఖానాలో పనికి కుదిరాడు, నేను మళ్లీ కండెలు చుట్టాను. సారుకు బదిలీ అయిందో లేదో మాకు తెలియలేదు. కావాలని నేను చాలాసార్లు కోరుకున్నాను.

పాలంపేటలో కథ అద్భుతంగా నడిచింది. స్టూలు మీద కూర్చుని చెప్పినా నా గొంతు అంత బాగా ఎప్పుడూ పలకలేదు. పెద్ద సారు కూడా రెండుసార్లు చేత్తో తొడ మీద తాళం వేశాడు. ఆఖరికి ఆ చోటు వచ్చింది. నేను పాట ఆపి, కడుపు మీద చెయ్యి వేసుకుని, మా ఆయన వైపు తిరిగాను. ఆయన ప్రశ్న అడగాలి. జవాబు నా నాలుక చివరే ఉంది.

ఆయన గుమ్మెట వాయిస్తున్నాడు. గట్టిగా కాదు, వేళ్లతో. ఒక ఆవర్తం అయ్యింది, అడగలేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను. ఇంకో ఆవర్తం తిరిగింది. పెళ్లైనప్పటి నుంచీ పక్కన నిలబడిన మనిషి, ఒక్క మాట మర్చిపోయి ఎరగడు. నేను కళ్లతో సైగ చేశాను. ఆయన నా మొహం చూడలేదు, నా చెయ్యి ఉన్న చోటు చూస్తున్నాడు. మా వదినె అందుకుని అడగొచ్చు, వంతే గదా. ఆమె కూడా ఊరికే తమ్ముడి దరువులో దరువు కలిపి వాయిస్తూ నిలబడింది. లోపల బిడ్డ మెల్లగా తిరిగింది.

పెద్ద సారు మా సారు వైపు చూశాడు. మా సారు ముందు చేత్తో సైగ చేశాడు. తర్వాత కుర్చీ అంచుకు జరిగాడు. ఆఖరికి ఉండబట్టలేక, "అడుగయ్యా, అడుగు!" అని పైకే అనేశాడు. ఇదీ హాస్యంలో భాగమే అనుకుని జనం గొల్లున నవ్వారు.

మా ఆయన గుమ్మెట ఆపాడు. దాన్ని చంకకు జరుపుకుని, నవ్వులు తగ్గేదాకా ఆగి, సారుకు రెండు చేతులూ జోడించాడు.

"నాకు అడిగేదేం లేదు సార్" అన్నాడు.